పిల్లల ముందు పెద్దలు ఏం మాట్లాడుతున్నారో ముందు చూడండి

ప్లేస్కూల్లో టీచర్‌గా కొత్తగా చేరానని, రోజంతా "గుడ్, వెరీ గుడ్" అంటున్నా కొందరు పిల్లలు ముడుచుకునే ఉంటున్నారని, వాళ్లకు తమ మీద నమ్మకం ఎలా కలిగించాలో చెప్పమని మీరు అడిగారు. నేను తెలంగాణలో ఒక తండా పక్క ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌ని. నా దగ్గర ఉండేదీ మూడు నుంచి ఆరేళ్ల పిల్లలే. నేను చూసినంతలో, పిల్లలు మనం వాళ్లతో అనే మాటల కంటే వాళ్ల గురించి పక్కవాళ్లతో అనే మాటలనే ఎక్కువ నమ్ముతారు.

మేం ప్రతి నెలా పిల్లల బరువు, ఎత్తు చూసి ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో ఎక్కించాలి. ఆరోగ్యలక్ష్మి పథకం కింద పెట్టే భోజనానికి వచ్చే గర్భిణులు, బాలింతలు కూడా అక్కడే ఉంటారు. పిల్ల కాటా మీద నిలబడగానే "ఇంత బక్కగుందేంది, ఏం తినదా?" అని ఒకరు, "వాళ్లక్క మంచిగుంటది, ఇదే ఇట్లా" అని ఇంకొకరు. నాలుగేళ్ల పిల్లకు అదంతా అర్థమవుతుంది. మళ్లీ నెల కాటా తీయగానే వెళ్లి ఆయా వెనక దాక్కుంటుంది. అందుకే నేను అంకె పైకి చదవను. రాసుకుని, తల్లితో తర్వాత విడిగా మాట్లాడతాను. పిల్లకు మాత్రం గోడ మీద గీత చూపించి "పోయినసారి ఇక్కడిదాకా ఉన్నావ్, చూడు ఎంత పెరిగావో" అంటాను.

"నల్లోడు", "నత్తోడు", "మొద్దు" లాంటి పిలుపులు ముద్దుకే అంటామంటారు. మా సెంటర్లో ఎవరన్నా, సొంత అమ్మమ్మ అన్నా సరే, "పేరు పెట్టి పిలువమ్మా" అని అక్కడికక్కడే చెప్తాను. కొందరు నొచ్చుకుంటారు. అయినా ఈ ఒక్క విషయంలో నేను మొహమాటపడను.

తండా నుంచి వచ్చే పిల్లలు ఇంట్లో లంబాడీల భాష గోర్ బోలీ మాట్లాడతారు. ఒక బాబు చాలా రోజులు నోరు విప్పలేదు. "వీడికి మాటలు రావు" అని వాడి ఎదుటే అనేవాళ్లు. నిజానికి వాడికి రానిది తెలుగు. వాళ్లమ్మను అడిగి నేను కొన్ని మాటలు నేర్చుకున్నాను. "పాణి కావాలా?" అంటే మొదటిసారి నా మొహంలోకి చూశాడు. తర్వాత బొమ్మల చార్టు ముందు నిలబెట్టి, "దీన్ని మీ ఇంట్లో ఏమంటారు?" అని ఒక్కొక్కటే అడిగాను. వాడు చెప్తుంటే పిల్లలందరూ తిరిగి అన్నారు. అందరికీ నేర్పించేది తనేనని తెలిశాక వాడి గొంతు లేచింది. తెలుగు దానంతటదే వచ్చింది.

ఇక "వెరీ గుడ్" సంగతి. అది అందరికీ ఒకేలా అంటుంటే పిల్లలు వినడం మానేస్తారు. చేసింది చేసినట్టు చెప్పండి: "నీళ్లు ఒలకకుండా తెచ్చావ్." ఒలికితే ఏమీ అనకుండా గుడ్డ ఇవ్వండి, వాళ్లే తుడుస్తారు. చాపలు పరవడం, కంచాలు పంచడం లాంటి పనులు చురుకైన పిల్లలకే కాదు, వెనక కూర్చునేవాళ్లకూ ఇవ్వండి. సాయంత్రం తీసుకెళ్లడానికి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఆ పని గురించి పాప వినేలా చెప్పండి: "ఈరోజు చెప్పులన్నీ జతలుగా పెట్టింది." లేనిది మాత్రం కల్పించకండి, పిల్లలు పట్టేస్తారు.

ఇంకొకటి. వెనక నుంచి పిలిస్తే తిరిగి చూడని పిల్లలుంటే బిడియమని వదిలేయకండి, వినికిడి సమస్య కావచ్చు. మా సెంటర్లకు ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ కార్యక్రమం) డాక్టర్ల టీం ఏడాదికి రెండుసార్లు వస్తుంది. మీది ప్రైవేటు కాబట్టి ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించమని తల్లిదండ్రులకు మీరే చెప్పాలి, అదీ పాప పక్కన లేనప్పుడు.