అమెరికాలో అబ్‌స్ట్రాక్ట్ బొమ్మల్ని మొదట కొన్నది ఎవరు? డబ్బెక్కువైనవాళ్ల పిచ్చేనా?

మీ ప్రశ్నలో సగం ప్రశ్న, సగం వెటకారం. అబ్‌స్ట్రాక్ట్ అంటే ఫలానా వస్తువులా ఉండకుండా రంగులూ ఆకారాలే ఉండేవి, మన మాటలో నైరూప్య చిత్రాలు. "మా మూడేళ్ల బాబు ఇంతకంటే బాగా గీస్తాడు" అని కింద ఒకాయన అప్పుడే కామెంట్ పెట్టేశారు కూడా. ఆ మాట అనని మనిషి తెలుగువాళ్లలో ఇంటికొకరైనా ఉన్నారా అని నాకు అనుమానం. మా నాన్నదీ ఇంచుమించు అదే ధోరణి. ఆ సంగతి తర్వాత చెప్తాను.

న్యూజెర్సీకి వచ్చి పదమూడేళ్లయింది. చుట్టుపక్కల మ్యూజియంలన్నీ పిచ్చిపట్టినట్టు తిరిగాను. ఆ తిరుగుడంతా అయ్యాక నాకు తేలిందేమిటంటే, డబ్బు పెట్టినవాళ్లు వేరు, ఒళ్లు వంచినవాళ్లు వేరు. ఒళ్లు వంచినవాళ్లలో ముఖ్యులు ఇద్దరు ఆడవాళ్లు. ఇద్దరి పేర్లూ మీరు విని ఉండరు.

రెండేళ్ల క్రితం అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఒక శుక్రవారం సాయంత్రం ఫిలడెల్ఫియా ఆర్ట్ మ్యూజియానికి తీసుకెళ్లాను. శుక్రవారం సాయంత్రాలు టికెట్‌కి మన ఇష్టమొచ్చినంత ఇవ్వొచ్చు. న్యూయార్క్‌లో మనిషికి ముప్పై డాలర్లు గుంజుతారు. నలుగురం వెళ్తే ఒక వారం కూరగాయల ఖర్చు. పార్కింగ్ గురించి అడగకండి, మా ఆయన ఇప్పటికీ దెప్పుతుంటాడు.

నాన్న విశాఖపట్నం పోర్టులో కస్టమ్స్‌లో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యారు. ఆయనకి లోకంలో ఏ వస్తువైనా రెండే రకాలు: డ్యూటీ ఉన్నది, డ్యూటీ లేనిది. మంకీ క్యాప్ పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కో గదీ గోడౌన్ చెకింగ్‌లా చూస్తూ వచ్చారు. ఒకచోట టక్కున ఆగిపోయారు. తొమ్మిది అడుగుల ఎత్తు గాజు పలకలు, పైనొకటి కిందొకటి. మధ్యలో సీసపు తీగలతో ఏవో యంత్రాల్లాంటి ఆకారాలు. గాజు నిండా పగుళ్లు.

"అమ్మలూ, పగిలిపోయింది. ఎవరూ చూసుకున్నట్టు లేదు, ఆ సెక్యూరిటీ అతనికి చెప్పు," అన్నారు గొంతు తగ్గించి.

నవ్వాపుకుని కథ చెప్పాను. అది మార్సెల్ ద్యుషాంప్ అనే ఫ్రెంచ్ కళాకారుడు 1915 నుంచి 1923 దాకా కూర్చుని, పూర్తవకుండానే వదిలేసిన కళాఖండం. అందరూ ‘లార్జ్ గ్లాస్’ అంటారు. మొదట కళాఖండాలు సేకరించే ఆరెన్స్‌బర్గ్ దంపతుల దగ్గర ఉండేది. వాళ్లు కాలిఫోర్నియా వెళ్లిపోతూ, అంతదూరం మోస్తే పగులుతుందన్న భయంతో కాథరిన్ డ్రయర్ అనే ఆవిడకి అమ్మేశారు. ఆవిడ 1926లో బ్రూక్లిన్ మ్యూజియంలో ప్రదర్శనకి పెట్టింది. తిరిగి వెళ్లేటప్పుడు రెండు పలకల్నీ ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టి ట్రక్కులో వేశారు. దారి పొడుగునా కుదుపులు. ఏళ్ల తరబడి పెట్టె విప్పలేదు. విప్పేసరికి ముక్కలు. 1936లో ద్యుషాంప్ కనెటికట్‌లోని ఆవిడ ఇంటికి వచ్చి, కూర్చుని ఒక్కో ముక్కా అతికించాడు. కాస్త దూరం జరిగి చూస్తే పై పలక పగుళ్లూ కింది పలక పగుళ్లూ ఒకే తీరున వంగి కనిపిస్తాయి. ఎదురెదురుగా పెట్టి మోసినందుకు.

"ప్యాకింగ్ మధ్యలో గడ్డి పెట్టలేదన్నమాట," అన్నారు నాన్న. అంతే. అమ్మ మాత్రం చాలాసేపు నిలబడింది. గాజు వెనక కిటికీలోంచి బయటి ఆవరణ కనిపిస్తోంది. బహుశా అదే చూస్తోందేమో.

ఈ గాజు ముక్కల్ని దాచుకున్న డ్రయరే నేను చెప్పిన మొదటి ఆవిడ. కోటీశ్వరురాలేం కాదు, ఇనుము వ్యాపారం చేసుకున్న జర్మన్ కుటుంబం. తనూ బొమ్మలు వేసేది. 1913లో న్యూయార్క్‌లో జరిగిన ఆర్మరీ షో అనే పెద్ద ప్రదర్శనలో ఆవిడవీ రెండు పెట్టారు. అమెరికా జనం మోడరన్ ఆర్ట్ చూసి నవ్వుకున్నది అక్కడే. రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ వేసిన నైరూప్య బొమ్మని ఫొటోగ్రాఫర్ స్టీగ్లిట్జ్ 500 డాలర్లకి కొన్నది కూడా అక్కడే. 1920లో డ్రయర్, ద్యుషాంప్, మాన్ రే అనే అమెరికన్ కళాకారుడు కలిసి న్యూయార్క్‌లో మోడరన్ ఆర్ట్‌ని జనానికి చూపించడానికి ‘సొసైటీ అనానిమ్’ అనే సంస్థ పెట్టారు. ఫ్రెంచిలో ఆ మాటకి కంపెనీ అనే అర్థం. దాని వెనక మళ్లీ ‘ఇన్‌కార్పొరేటెడ్’ తగిలించి రిజిస్టర్ చేశారు. మన ‘ప్రైవేట్ లిమిటెడ్ లిమిటెడ్’ అన్నట్టు.

బ్రూక్లిన్ ప్రదర్శనకి ఆవిడ యూరప్ అంతా తిరిగి 300కు పైగా కళాఖండాలు పోగేసింది. డచ్ చిత్రకారుడు మాండ్రియన్ బొమ్మల్ని అమెరికా మొదటిసారి చూసింది అందులోనే. నాకు బాగా నచ్చేది ఇంకొకటి ఉంది. కొన్ని గదుల్ని మామూలు ఇంట్లో హాల్లా, భోజనాల గదిలా సామాన్లు వేసి సర్ది, గోడలకి ఈ బొమ్మలు తగిలించింది. మీ ఇంట్లోనూ పెట్టుకోవచ్చు సుమా అని. ఇప్పటి మ్యూజియంలకి ఆ పాటి ఇంగితం లేదు. ఖాళీ తెల్లగోడ, పక్కన అర్థంకాని నాలుగు వాక్యాలు. చివరికి ఆవిడ తన ఇంటినే మ్యూజియం చేయాలనుకుంది. కుదరక 1941లో సేకరణ అంతా యేల్ యూనివర్సిటీకి ఇచ్చేసింది. ‘మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్’ అన్న పేరు మాత్రం 1929లో పుట్టిన వేరే సంస్థకి దక్కింది. అంతకు తొమ్మిదేళ్ల ముందే అదే మాటని డ్రయర్ తన సొసైటీకి తగిలించుకుంది.

రెండో ఆవిడ హిల్లా రీబే, జర్మన్ చిత్రకారిణి. 1927లో అమెరికా వచ్చింది. గనుల వ్యాపారి సాలమన్ గుగ్గెన్‌హైమ్ బొమ్మ వేస్తూ, ఆయన్ని నైరూప్య చిత్రాల వైపు తిప్పింది. అప్పటిదాకా ఆయన కొనేవన్నీ పాతకాలపు బొమ్మలు. 1930లో జర్మనీలోని డెసావు తీసుకెళ్లి కాండిన్‌స్కీకి పరిచయం చేసింది. 1939లో ఆయన కొన్న బొమ్మలతో న్యూయార్క్‌లో మ్యూజియం తెరిస్తే గోడలకి బూడిదరంగు బట్ట, నేలకి దగ్గరగా వేలాడే బొమ్మలు, వెనక బాఖ్ సంగీతం. గుడిలా ఉండాలని ఆవిడ పట్టు. 1943లో ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్‌కి ఉత్తరం రాసి కొత్త భవనం అడిగింది కూడా ఆవిడే. 1949లో గుగ్గెన్‌హైమ్ పోయారు, 1952లో ఈవిడని పక్కకి తప్పించారు. 1959లో ఆ గుండ్రటి భవనం తెరిచిన రోజున పిలుపు కూడా లేదు.

ఇక్కడ నా గోల ఒకటి. మా పాత ఆఫీసులో రెండేళ్లు రాత్రింబవళ్లు నేను కట్టిన సిస్టమ్‌కి డెమో ఇచ్చింది వేరే మనిషి. నన్ను ఆ మీటింగ్‌కే పిలవలేదు. ఐదో ఎవెన్యూలో ఆ భవనం మీద గుగ్గెన్‌హైమ్ పేరు చూసినప్పుడల్లా నాకు కడుపు రగులుతుంది.

మగవాళ్లెవరూ లేరా అంటే ఉన్నారు. గాలటిన్ అనే పెద్దాయన 1927లో న్యూయార్క్ యూనివర్సిటీలో పిల్లలు చదువుకునే గదిలోనే తను సేకరించిన బొమ్మలు తగిలించాడు. టికెట్ లేదు. యూనివర్సిటీ ఖాళీ చేయమంటే 1943లో అవి ఫిలడెల్ఫియా వచ్చాయి. దశాబ్దాల తర్వాత అదే యూనివర్సిటీలో మన చిత్తూరు జిల్లా కృష్ణారెడ్డి గారు ప్రింట్‌మేకింగ్, అంటే పలక మీద బొమ్మ చెక్కి కాగితం మీద అచ్చు తీసే కళ, నేర్పారు.

నాన్నకి వీళ్లెవరూ పట్టలేదు. బ్రాంకూసీ అనే శిల్పి చేసిన పిట్ట దగ్గర మాత్రం కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. రెక్కలూ ముక్కూ లేకుండా నిలువుగా సన్నటి పాలరాయి. దీని కంచు అన్నదమ్ముల్లో ఒకటి 1926లో న్యూయార్క్ ఓడరేవులో దిగితే, కళాఖండం కాదు పొమ్మని కస్టమ్స్ వాళ్లు 40 శాతం సుంకం వేశారని చెప్పాను.

"ఏ హెడ్డింగ్ కింద?"

"వంటసామాను, ఆసుపత్రి సామాను."

నాన్న ముఖం వెలిగిపోయింది. "కరెక్టే కదా! శిల్పమంటే ఏదో ఒకదానిలా ఉండాలని రూల్ ఉండి ఉంటుంది. అది చూసి పిట్ట అని ఏ ఇన్‌స్పెక్టర్ రాస్తాడు?" నిజంగానే అలాంటి పాత తీర్పు ఉంది. కోర్టులో జడ్జి, ఆ కంచు పిట్టని కొన్న ఫొటోగ్రాఫర్ స్టైకెన్‌ని అడవిలో ఇది కనిపిస్తే తుపాకీ పేలుస్తావా అని అడిగాడు. లేదన్నాడు స్టైకెన్. అయినా 1928 నవంబర్‌లో, పిట్టలా లేకపోయినా అందంగా ఉంది, శిల్పి చేసిందే, సుంకం అక్కర్లేదని తీర్పిచ్చారు. 1936లో మోడరన్ ఆర్ట్ మ్యూజియం ప్రదర్శనకి వచ్చిన 19 శిల్పాల్ని మళ్లీ ఆపారని చెబితే "డిపార్ట్‌మెంట్ ఊరుకోదమ్మా," అన్నారు గర్వంగా.

కాబట్టి డబ్బున్నవాళ్ల పిచ్చేనా అంటే, డబ్బు వాళ్లది, పిచ్చి వీళ్లది. నాన్న వైజాగ్ వెళ్లిపోయాక కూడా ఫోన్ చేసినప్పుడల్లా ఆ పిట్ట కేసు ఎత్తుతారు. బీచ్ రోడ్డులో వాకింగ్ ఫ్రెండ్స్ అందరికీ చెప్పారట. అప్పీలుకి వెళ్లి ఉండాల్సిందని ఆయన గట్టి అభిప్రాయం.