అతిపెద్ద సీప్లేన్ ఏది? నా ఓటు స్ప్రూస్ గూస్‌కి మాత్రం కాదు

‘ఇప్పటిదాకా కట్టిన సీప్లేన్లలో అన్నిటికన్నా పెద్దది ఏది?’ అని అడిగారు. ఎవర్నడిగినా అమెరికా కోటీశ్వరుడు హోవార్డ్ హ్యూస్ కట్టిన హెచ్-4, అదే స్ప్రూస్ గూస్, అంటారు. ఈ కొస నుంచి ఆ కొసకి 320 అడుగుల రెక్కలు, ఎనిమిది ఇంజన్లు. పేరుకే స్ప్రూస్, ఒళ్లంతా ఎక్కువగా బర్చ్ చెక్క. కొలతలకి పెద్దదే, కాదనను. కానీ 1947 నవంబర్ 2న లాంగ్ బీచ్ రేవులో ఒక్కసారి లేచి, 70 అడుగుల ఎత్తులో ఓ మైలు పోయి దిగింది. మళ్లీ లేస్తే ఒట్టు.

దాని మీద నాకు కోపం ఎందుకంటే నేనూ ఒకటి కట్టాను. నవ్వకండి.

పన్నెండేళ్ల కింద నేనూ మా బామ్మర్దీ కలిసి థర్మకోల్‌తో ఆరడుగుల రెక్కల స్ప్రూస్ గూస్ చేశాం. ఎనిమిది మోటార్లకి డబ్బుల్లేక నాలుగే పెట్టి, మిగతా చోట్ల పెరుగు డబ్బా మూతలు అతికించాం. కోఠిలో గుజరాతీ గల్లీ అంతా తిరిగితే ఒక కొట్టాయన అంటగట్టిన బ్యాటరీ రెండో రోజుకే బూరెలా ఉబ్బింది. బిల్లు లేందే వాపసు తీసుకోడట. బిల్లు ఇవ్వనిది ఎవరు మరి?

ఇక అసలు తప్పు నాదే. ఇలా ఒళ్లే పడవలా ఉండే సీప్లేన్‌ని ఫ్లయింగ్ బోట్ అంటారు. దాని అడుగున, నడుమ దగ్గర, అడ్డంగా ఒక మెట్టు ఉంటుంది. వికారంగా ఉందని దాన్ని తీసేసి నున్నగా సాండ్‌పేపర్ కొట్టాను. నున్నగా ఉంటే ఇంకా బాగా జారుతుందని బామ్మర్దికి క్లాసు కూడా పీకాను.

ఆదివారం పొద్దున ఆరింటికి, శామీర్‌పేట దాటాక ఓ ఊరి చెరువు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. మోటార్లు గీపెట్టాయి, విమానం ఉరికింది, ముక్కు లేచింది, వెనకభాగం మాత్రం నీళ్లకి అతుక్కుపోయింది. తడి గ్రానైట్ గట్టు మీద స్టీలు పళ్లెం పెట్టి చూడండి, జరిపితే జరుగుతుంది, ఎత్తబోతే రాదు. అదే సంగతి. ఆరుసార్లు ప్రయత్నించాం. ‘బావా, ఉరుకుడే గానీ లేసుడు లేదా?’ అన్నాడు వాడు.

ఏడోసారి వదిలేసరికి బర్రెలు దిగాయి, ఓ ఇరవై. అలలు చెరువంతా పాకాయి. ఆ గతుకుల మీదికి రాగానే విమానం టపటపా కొట్టుకుని, ఒక్క ఊపున నీళ్లు వదిలించుకుని లేచింది! నాలుగైదు సెకన్లు. తర్వాత గుర్రపుడెక్కలో ముక్కు గుచ్చుకుని ఎడమ రెక్క విరిగింది.

మెట్టు చేసే పనీ అదే. వేగం అందుకోగానే నీటిని అక్కడ తెంపేసి, వెనక అడుగుకి గాలి తగిలేలా చేస్తుంది. నిజం పైలట్లకి కూడా కదలని నీళ్లంటే చిరాకు.

కాబట్టి రెక్కలు కొలవడం దండగ. నిండు బరువుతో ఎన్నిసార్లు నీళ్లు వదిలి లేచిందో అది చూడాలి. జర్మనీ వాళ్ల డార్నియర్ డో-ఎక్స్ పన్నెండు ఇంజన్లతో 1929లో 169 మందిని మోసింది, అద్భుతమే, కానీ కట్టింది మూడే. బ్రిటన్ వాళ్ల ప్రిన్సెస్ 1952లో ఎగిరింది, 219 అడుగుల రెక్కలు, పది ఇంజన్లు. మూడు కట్టి ఒక్కదాన్నే ఎగరేశారు. అప్పటికే యుద్ధం పుణ్యమా అని ఎక్కడ చూసినా సిమెంటు రన్‌వేలు, ఇంక నీళ్లలో దిగే ఖర్మ ఎవరికి?

నా ఓటు మార్టిన్ మార్స్‌కి. రెక్కలు 200 అడుగులే. అమెరికా నేవీకి సరుకు మోసి, తర్వాత కెనడాలో అడవి మంటలు ఆర్పే పనికి కుదిరింది. సరస్సు మీద ఉరుకుతూనే అర నిమిషంలో దాదాపు 27 వేల లీటర్లు తోడుకుని లేచేది. మా గల్లీకొచ్చే నీళ్ల ట్యాంకర్లు ఐదింటికి పైనే, అదీ బుక్ చేసిన మూడో రోజున కాదు. వాటిలో హవాయి మార్స్ అనేది ఎనభైకి దగ్గరపడ్డ వయసులో 2024లో మ్యూజియానికి చేరింది, తన రెక్కల మీదే.

చైనా ఏజీ600 అతిపెద్దదని రాసేవాళ్లున్నారు. దాని రెక్కలు 128 అడుగులు కూడా లేవు. నేల మీదా నీళ్ల మీదా దిగేవాటిలో, అదీ ఇప్పుడు తయారయ్యేవాటిలో పెద్దది అని చదువుకోండి. ఇంకో మాట, 2024 నవంబర్‌లో విజయవాడ నుంచి శ్రీశైలం వచ్చిందని చుట్టాలంతా నాకు ఫార్వర్డ్ చేసింది ట్విన్ ఆటర్. కాళ్లకి రెండు తెప్పలు తొడిగిన మామూలు విమానం అది. ఫ్లయింగ్ బోట్‌కి ఒళ్లే పడవ.

మా స్ప్రూస్ గూస్ అటక మీదుంది. రెక్క అతికించాను, ఈసారి మెట్టు కూడా పెట్టాను. ఆ చెరువు నిండా ఇప్పుడు గుర్రపుడెక్కే. సిటీకి దగ్గర్లో ఖాళీ చెరువేదైనా తెలిస్తే చెప్పండి, పొద్దున బర్రెలు దిగేదైతే మరీ మంచిది.