ఫైల్ సైజు చూపించడానికి చిన్న లైబ్రరీ చాలు, కానీ ముందు కిలో అంటే ఎంతో తేల్చుకోండి

అప్‌లోడ్ పేజీలో ఫైల్ సైజు 50900 అని ఉత్త బైట్లలో వస్తోంది, దాన్ని కేబీ, ఎంబీల్లో చూపించడానికి జావాస్క్రిప్ట్ లైబ్రరీ (ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్) వాడాలా, సొంతంగా రాసుకోవాలా అని అడిగారు. లైబ్రరీయే వాడండి. ఫైల్‌సైజ్ అని చిన్నది ఒకటుంది, జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దొరికే ఎన్‌పీఎంలో ఉంటుంది. అయితే ఆ 50900 చూడగానే నాకు మా చిన్నాయన నెట్ సెంటర్ యాదికొచ్చింది, అందుకే ఇంత రాస్తున్నా.

హనుమకొండలో కేయూ క్రాస్ రోడ్ దగ్గర ఆయన షాపు. ఉద్యోగాల నోటిఫికేషన్ పడిందంటే పిల్లలు పొద్దున్నుంచే లైన్ కడతారు. ఫోటో 50 కేబీ దాటొద్దు, సంతకం 20 కేబీ దాటొద్దు. అప్లై చేసేముందు సైజు చూసుకోవడానికి ఒక పేజీ చేసిచ్చాను. మొదట లైబ్రరీ ఎందుకులే అని లాగరిథమ్‌తో నాలుగు లైన్లు నేనే రాశాను. రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు స్కాన్ సరిగ్గా రాక ఒక ఫైల్ సున్నా బైట్లతో వచ్చింది, స్క్రీన్ మీద 'నాన్ అన్‌డిఫైన్డ్' (NaN undefined, అంటే అంకె కాదు, యూనిట్ లేదు) అని పడింది. సున్నాకి లాగరిథమ్ తీస్తే మైనస్ ఇన్ఫినిటీ వస్తుంది, యూనిట్ల జాబితాలో ఆ నంబరుకి ఏముంటుంది? "నాన్ అంటే ఏందిరా, రొట్టెనా?" అన్నాడు చిన్నాయన. ఇంకోసారి 1048575 బైట్ల ఫైల్‌కి ఒక ఎంబీ అని చూపకుండా '1024.00 కేబీ' అని చూపింది. రౌండింగ్ తర్వాత యూనిట్ మార్చాలన్న సంగతి నాకు తట్టలేదు. ఫైల్‌సైజ్ ఈ రెండూ చూసుకుంటుంది.

అసలు తిప్పలు లైబ్రరీ పెట్టాక మొదలైంది. ఒకమ్మాయి వచ్చి, "అన్నా, మీ పేజీల 50.9 అని వస్తున్నది, కంప్యూటర్ల ప్రాపర్టీస్ చూస్తే 49.7 ఉన్నది. ఏది నమ్మాలె?" అంది. రెండూ నిజమే. ఎనుమాముల మార్కెట్‌లో క్వింటా అంటే ఎవరికైనా 100 కిలోలే. కంప్యూటర్లలో కిలో మాత్రం ఒకరికి 1000, ఇంకొకరికి 1024. ఈ గందరగోళం పోవాలనే 1998లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఈసీ వాళ్లు 1024 లెక్కకి కిబి, మెబి అని వేరే పేర్లు పెట్టారు. విండోస్ మాత్రం ఇప్పటికీ 1024తో భాగించి కేబీ అనే రాస్తుంది. మ్యాక్ 2009 నుంచి 1000 లెక్కకి మారింది. డిస్క్ అమ్మేవాళ్లదీ 1000 లెక్కే, అందుకే 1 టీబీ డిస్క్ విండోస్‌లో 931 జీబీగా కనబడుతుంది. పాత ఫ్లాపీ మరీ విచిత్రం: దాని 1.44 ఎంబీ అంటే 1440 ఇంటూ 1024 బైట్లు, రెండు లెక్కలూ కలిపేశారు.

ఫైల్‌సైజ్ కొత్త వెర్షన్లు మీరేమీ చెప్పకపోతే 1000తోనే లెక్కేస్తాయి. మేం ఆ 50.9 చూసి 50 దాటిందనుకుని, సైజు తగ్గించి ఎన్ని ఫోటోలని అనవసరంగా మసకబార్చామో! ఆ అప్లికేషన్ సైట్ పేరెందుకు గానీ, దాంట్లో 50900 బైట్ల ఫోటో పెట్టి చూస్తే తీసుకుంది, 51,200 దాటితేనే వద్దంది. అంటే దానిది 1024 లెక్క. ఇట్లాంటప్పుడు స్టాండర్డ్ అనే ఆప్షన్‌లో 'జెడెక్' (jedec, 1024 లెక్కనే కేబీ అని రాసే పద్ధతి) అని ఇవ్వండి, 49.71 కేబీ అని వస్తుంది. బేస్ 2 అని ఒక్కటే ఇస్తే లెక్క అదే గానీ పేరు కిబిబైట్ అని పడుతుంది, జనం బెదురుతారు. ప్రెటీ-బైట్స్ కూడా మంచి లైబ్రరీయే, కానీ దాంట్లో బైనరీ ఆప్షన్ పెడితే కిబిబైట్లే వస్తాయి. అందుకే నేను దాని జోలికి పోలేదు.

ఇంకో మాట. లైబ్రరీ ఇచ్చేది స్క్రీన్ మీద చూపించుకోవడానికే. పోల్చడం, వరసలో పెట్టడం, కూడడం అన్నీ బైట్ల మీదే చేయండి, లేకపోతే 10 ఎంబీ ఫైల్ 9 కేబీ కన్నా ముందుకొచ్చి కూర్చుంటుంది. డేటాబేస్ నుంచి సైజు టెక్స్ట్‌గా వస్తుంటే ముందు నంబర్‌గా మార్చండి. నేను మార్చకుండా 50900కి 18200 కూడితే పక్కపక్కన అతుక్కుని 5090018200 అయింది, రెండు చిన్న ఫోటోలకి 4.74 జీబీ అని చూపింది. అంత అంకె చూసి కూడా గంటసేపు లైబ్రరీనే తిట్టుకున్నాను.

ఇప్పుడు మా పేజీలో సైజు కింద చిన్నక్షరాల్లో మిగిలిన బైట్లు కూడా చూపిస్తున్నాం. మీ ఫైల్ పెడితే 'ఇంకా 300 బైట్ల జాగ ఉంది' అని వస్తుంది.