ఖైదు రోజులు రాయబోతున్న అమ్మాయికి

అమ్మా, ఆశీస్సులు.

నవల మొదటి మూడు అధ్యాయాలు చదివాను. రాజోలు దగ్గర లంకలో పుట్టి, ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్ అయి, 1971 యుద్ధంలో పాకిస్తాన్‌కి పట్టుబడిన కుర్రాడి కథ ఎత్తుకున్నావు. మంచి కథ. ధవళేశ్వరం దిగువన గౌతమి ఒకవైపు, వశిష్ఠ ఒకవైపు విడిపోవడం అతను విమానంలోంచి చూసే పేరా ఉంది చూడు, దాన్ని ఇక ముట్టుకోకు.

నా బాధంతా మూడో అధ్యాయంతోనే. విచారణ గదిలో అవతలి అధికారి ఒక్క ప్రశ్న వేయగానే నీ పైలట్ పేజీన్నర ఉపన్యాసం ఇచ్చాడు. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం యుద్ధఖైదీ చెప్పాల్సినవి నాలుగే: పేరు, ర్యాంకు, సర్వీసు నంబరు, పుట్టినతేదీ. 2019 ఫిబ్రవరిలో పాకిస్తాన్‌కి పట్టుబడిన మన పైలట్ అభినందన్ వర్ధమాన్ వీడియో దేశమంతా చూసింది కదా. చేతిలో టీ కప్పు పట్టుకుని, ఏ విమానం, ఏం పని మీద వచ్చావని అడిగితే చెప్పకూడదని మర్యాదగా తప్పుకున్నాడు, గొంతు కూడా పెంచలేదు. ఆ మర్యాద వెనక ఎంత టెన్షన్ ఉందో చూసినవాళ్ళందరికీ అర్థమైంది. నీ కుర్రాణ్ణి కూడా ఆ నాలుగు ముక్కలు చెప్పి ఊరుకోనీ. దెబ్బ తిన్న నడుము, ఎండిపోయిన నోరు, తర్వాత ఏం అడుగుతారోనన్న భయం, ఇవన్నీ అప్పుడు నీకు దొరుకుతాయి. భయపడ్డాడని రాస్తే అతని విలువ తగ్గుతుందని అనుకుంటున్నట్టున్నావు. తగ్గదమ్మా.

ఆ తర్వాత 'నెలలు గడిచాయి' అని ఒక్క వాక్యంలో దాటేశావు. నీ నవలంతా ఆ నెలల్లోనే ఉంది. పశ్చిమ సరిహద్దులో కాల్పులు 1971 డిసెంబరు 17న ఆగిపోయాయి. రావల్పిండి క్యాంపులో ఉన్న మన పైలట్లలో చాలామంది వాఘా దాటి వచ్చింది 1972 డిసెంబరు 1న. అంటే యుద్ధం అయిపోయాక కూడా దాదాపు ఏడాది వాళ్ళు గోడల మధ్యే ఉన్నారు. ఆ ఏడాదిలో మన డెల్టాలో ఏమేం జరుగుతాయో నీకు ఒకరు చెప్పక్కర్లేదు. దాళ్వా (రెండో పంట) కోతలు, వేసవిలో కాలవలు కట్టేయడం, మళ్ళీ నీళ్ళు వదలడం, ఆకుమళ్ళు, సార్వా (తొలి పంట) ఊడ్పులు, వరద భయం, మళ్ళీ కోతలు. రైతు కొడుకు కాబట్టి ఆ గదిలో కూర్చుని కూడా ఈ లెక్క తప్పడు. ఈపాటికి నాన్న ఆకుమడి దున్నిస్తుంటాడు, ఈపాటికి ఏటిగట్టు మీద కాపలా పెట్టి ఉంటారు అనుకుంటూ ఉంటాడు. ఒక్కో నెలనీ ఇలా రాయి. దీనికి వంద పేజీలు పట్టినా నేను విసుక్కోను.

పారిపోయే ఘట్టం కూడా పెట్టాలని ఉందన్నావు. పెట్టు, కానీ జరిగినదాన్ని ముందు బాగా తెలుసుకో. 1972 ఆగస్టులో దిలీప్ పరూల్కర్, ఎం.ఎస్. గ్రేవాల్, హరీష్ సింహ్‌జీ ఆ క్యాంపు గోడకు కన్నం వేసి బయటపడ్డారు. పెషావర్ చేరి, అక్కణ్ణుంచి ఖైబర్ కనుమ దారిన అఫ్గానిస్తాన్ సరిహద్దుకి కొద్ది మైళ్ళ దూరం దాకా వెళ్ళగలిగారు. లండీ కోతల్‌లో, లండీ ఖానాకి ఎలా వెళ్ళాలని అడగడంతో దొరికిపోయారు. ఆ రైల్వే స్టేషన్ 1932లోనే మూతపడింది, వీళ్ళ దగ్గరున్న పాత మ్యాపులో మాత్రం ఇంకా ఉంది. గోడ తవ్విన ధైర్యం గురించి ఎవరైనా రాస్తారు. అంత కష్టపడి అంత దూరం వచ్చాక, ఎప్పుడో మూతపడిన స్టేషన్ పేరు నోట్లోంచి బయటికొచ్చిన ఆ క్షణం దగ్గర నువ్వు ఆగాలి.

ఇంటివైపు కథ నీ నవలలో దాదాపు లేదు. కొడుకు కనిపించడం లేదని టెలిగ్రాం వచ్చిన ఇంట్లో ఆ సాయంత్రం పొయ్యి వెలిగించారా? పండక్కి ముగ్గు వేశారా? రేవులో పంటు ఎక్కినప్పుడల్లా ఎవరో ఒకరు 'ఏమైనా తెలిసిందాండీ' అని అడుగుతుంటే ఆ తల్లి ఏం చెప్పేది? బ్యాడ్మింటన్ జాతీయ ఛాంపియన్ దమయంతీ తాంబే భర్త కూడా పైలటే. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌లోని షోర్‌కోట్ మీద దాడికి వెళ్ళి తిరిగి రాలేదు. పెళ్ళయి రెండేళ్ళు కూడా కాలేదు. ఆవిడ దశాబ్దాల తరబడి ఆయన కోసం వెతుకుతూనే ఉన్నారు. నీ కుర్రాడు ఇంటికి చేరాడు సరే, పక్కింటివాడు చేరకపోతే ఆ రెండు ఇళ్ళ మధ్య కంచె దగ్గర మాటలు ఎలా ఉంటాయో ఆలోచించు.

తిరిగొచ్చిన మనిషి మళ్ళీ పాత మనిషిలా ఎగురుతాడని కూడా అనుకోకు. కూలిపోయే విమానంలోంచి పైలట్‌ని సీటుతో సహా బయటికి విసిరేస్తే వెన్నుపూస మీద పడే దెబ్బ మామూలుది కాదు. కంభంపాటి నచికేత 1999 మే 27న కార్గిల్ యుద్ధంలో మిగ్-27 ఇంజను ఆగిపోయి దూకేశాడు, పట్టుబడ్డాడు, జూన్ 3న విడుదలయ్యాడు. నడుము దెబ్బతో ఫైటర్లకి దూరమై, తర్వాత ఐఎల్-76 రవాణా విమానాలు నడిపాడు. మళ్ళీ గాల్లోకి వెళ్ళడానికి అతను ఎంచుకున్న ఆ దారి నాకు చాలా ఇష్టం.

తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం ఒకసారి వెళ్ళిరా. ఇంటింటికీ సైన్యంలో పనిచేసినవాళ్ళున్న ఊరు. పెద్దవాళ్ళు అరుగు మీద కూర్చోమంటే కూర్చో, రికార్డర్ బయటికి తీయకు. యుద్ధం సంగతి నువ్వు అడగొద్దు. సెలవుకి ఇంటికొచ్చిన మొదటి రోజు అమ్మ ఏం వండిందో అడుగు, మిగతావి వాళ్ళే చెబుతారు. చెప్పకపోతే బలవంతం చేయకు.

సంక్రాంతిలోగా మూడో అధ్యాయం తిరగరాసి పంపు. పైలట్ తల్లిని మూడు అధ్యాయాల్లోనూ 'అమ్మ' అని మాత్రమే రాశావు. ముందు ఆవిడకి ఒక పేరు పెట్టు.