ఫ్లూ మందులు అందరికీ చాలనప్పుడు ముందు ఎవరికివ్వాలి?

"ముందొచ్చినవాళ్లకు ముందు ఇస్తే పోలా? అంతకంటే న్యాయం ఏముంది?" అని ఈమధ్య ఒకరు నన్ను అడిగారు. 2009 ఆగస్టు దాకా నేనూ అదే అనుకున్నాను.

అప్పుడు హైదరాబాదులో ఒక సర్కారు దవాఖానాలో స్టాఫ్ నర్సుని. దేశంలో స్వైన్ ఫ్లూ మొదటి కేసు తేలింది మన ఊళ్లోనే, ఆ మే నెలలో. అయినా పెద్ద హడావుడి లేదు. ఆగస్టు 3న పుణెలో స్కూలు పిల్ల చనిపోయిందని టీవీలో వచ్చిందో లేదో, మా ఓపీ లైను గేటు దాటి రోడ్డెక్కింది. స్వైన్ ఫ్లూకి ఇచ్చే మందు ఒసెల్టామివిర్ అప్పటికింకా మెడికల్ షాపుల్లో దొరికేది కాదు. ఎవరైనా మా దగ్గరికే రావాలి. పెద్దవాళ్లకు ఒక కోర్సంటే 75 మిల్లీగ్రాముల క్యాప్సూల్స్ పది.

మొదట్లో లైను ప్రకారమే ఇచ్చాం. పొద్దున అయిదింటికే వచ్చి నిలబడగలిగేది ఎవరు? ఒంట్లో ఓపిక, ఇంటి ముందు బండి ఉన్నవాళ్లు. ముక్కు కారుతోందని వచ్చిన కుర్రాళ్లే ముందు. ఒకరోజు ఏడో నెల గర్భిణి చెట్టు కింద కూర్చుంటే, ఆమె అత్త లైన్లో నిలబడింది. వాళ్ల వంతు వచ్చేసరికి ఓపీ టైం అయిపోయింది. "రేపు పొద్దున్నే రండమ్మా" అన్నది నేనే. మర్నాడు ఆయాసంతో వచ్చింది. అడ్మిట్ చేశారు, బతికింది. ఆ మాట మాత్రం నాకిప్పటికీ గుచ్చుకుంటుంది.

తర్వాత కేంద్రం రోగులను ఏ, బీ, సీ అని విడగొట్టింది. మామూలు జ్వరం, దగ్గు అయితే ఏ: పరీక్షా వద్దు, ఈ మందూ వద్దు, ఇంట్లోనే ఉండాలి. గర్భిణులు, అయిదేళ్లలోపు పిల్లలు, 65 దాటినవాళ్లు, షుగరు, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు బీలోకి వస్తారు. పరీక్ష లేకుండానే మందు. ఆయాసం, ఛాతీ నొప్పి, మగత ఉంటే సీ: పరీక్ష, అడ్మిషన్. ఆ కాగితం గోడకు అంటించాం. కౌంటరు తెరవకముందే ఒక నర్సు లైను పొడుగునా నడిచి నాలుగు ప్రశ్నలడిగి, అవసరమున్నవాళ్ల చీటీ మీద ఎర్రపెన్నుతో గీత పెట్టేది.

గొడవల్లేవని కాదు. మందు కంటే పరీక్ష కోసమే ఎక్కువ కొట్లాట. "ఊరికే పొమ్మంటే ఎట్ల సిస్టర్, నెగటివ్ అని రాసియ్యి" అనేవాళ్లు. "సార్ మనిషిని" అంటూ ఫోన్ నా చెవికి పెట్టినవాళ్లూ ఉన్నారు. ఇంతకుముందైతే నసిగేదాన్ని. ఇప్పుడు గోడ చూపించేదాన్ని, అంతే.

వెంటిలేటర్ల లెక్క డాక్టర్లది, దాని గురించి నేను మాట్లాడను. కానీ మాస్కుల్లో మాకు అన్యాయమే జరిగింది. ఎన్95లన్నీ ఐసొలేషన్ వార్డుకు పోయాయి. రోజంతా మొహం మీద దగ్గించుకున్న ఓపీ వాళ్లకు మామూలు మూడు పొరలవే. వార్డుకు ముందు ఇవ్వడం తప్పనను, కానీ లైను పొడుగునా నడిచే ఆ ఒక్క నర్సుకైనా ఒకటి ఇవ్వాల్సింది.