పెద్దల చదువుకు డబ్బు ఎవరిని అడగాలి?

ప్రశ్న: మా ఊళ్లో పెద్దలకు చదువు చెప్పే సాక్షర భారత్ కేంద్రం 2018లో మూతపడింది. ఇప్పుడు వాలంటీర్లే చెబుతారంటున్నారు. వాళ్లు నాలుగు రోజులొచ్చి మానేస్తున్నారు. పంచాయతీకి వెళ్తే 'అది మా పని కాదు' అంటున్నారు. ఎవరిని అడగాలి?
– ఓ పాఠకుడు, నాగర్‌కర్నూల్ జిల్లా

పంచాయతీనే అడగాలి. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలున్నాయి. అందులో 19వది వయోజన, అనియత విద్య, అంటే పెద్దల చదువు, బడి బయటి చదువు. 20వది గ్రంథాలయాలు. మా పని కాదని తోసేయడం కుదరదు.

వాలంటీర్లు ఎందుకు నిలవడం లేదో ముందు చూడండి. సాక్షర భారత్‌లో ఊరికి ఇద్దరు ప్రేరక్‌లు (కేంద్రం నడిపేవాళ్లు), ఒక్కొక్కరికి నెలకు 2,000 రూపాయల గౌరవ వేతనం ఉండేది. తక్కువే, అదీ నెలల తరబడి అందేది కాదు. అయినా తలుపు తీసే బాధ్యత ఒకరి మీద ఉండేది. 2018 మార్చి 31తో పథకం ముగిసింది, ఆ మనిషీ లేకుండా పోయారు. 2022లో మొదలైన కేంద్ర ప్రభుత్వ వయోజన విద్య పథకం 'ఉల్లాస్' పూర్తిగా స్వచ్ఛంద సేవ మీదే నడుస్తోంది. ఐదేళ్లకు కేంద్ర, రాష్ట్రాల వాటాలు కలిపి 1,037.90 కోట్లు, లక్ష్యం 5 కోట్ల మంది. భాగించి చూడండి, తలకు 208 రూపాయలు కూడా రావు. చదువు చెప్పే మనిషికి ఇందులో జీతం లేదు. డిగ్రీ చదివే అమ్మాయి పరీక్షలు రాగానే మానేస్తే ఆ తప్పు ఆమెది కాదు.

ఇక చేయాల్సిన పని. మొదట పేర్ల జాబితా రాయండి. 15 ఏళ్లు దాటి చదవడం రాని వాళ్లను మైకులో పిలవకండి, సిగ్గుపడి ఒక్కరూ రారు. పొదుపు సంఘాల పుస్తకాల్లో వేలిముద్రలు ఎక్కడున్నాయో చూసి, ఇంటికెళ్లి మాట్లాడండి. తర్వాత గ్రామసభలో తీర్మానం పెట్టించండి. 'అక్షరాస్యతకు కృషి చేయాలి' అని రాస్తే చెత్తబుట్టకే. ఏ గది, దీపం ఖర్చు ఎవరిది, ఏ వేళ, చెప్పేది ఎవరు, నెలకు ఎంత, ఎన్ని నెలలు అన్నవన్నీ అందులో ఉండాలి. 20 మందికి ఒక మనిషిని నెలకు 3,000 చొప్పున ఆరు నెలలు పెట్టుకుంటే 18,000 అవుతుంది. అంటే తలకు 900.

ఇక్కడే చాలా ఊళ్లు దెబ్బతింటాయి. 15వ ఆర్థిక సంఘం (2021–26) అన్‌టైడ్ నిధులను, అంటే ఫలానా పనికే అని కట్టేయని డబ్బును, జీతాలకు వాడకూడదన్న షరతు ఉంది. అందులోంచి ఇస్తే ఆడిట్‌లో ఆగిపోతుంది. గౌరవ వేతనం పంచాయతీ సాధారణ నిధి నుంచి అని తీర్మానంలోనే రాయించండి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వెళ్తోంది. దాన్ని చూపించి, కొత్తగా చదవడం నేర్చిన వాళ్లకు పెద్ద అక్షరాల పుస్తకాలు కావాలని జిల్లా గ్రంథాలయ సంస్థకు విడిగా అర్జీ పెట్టండి.

తీర్మానం నకలు మండల విద్యాధికారికీ, జిల్లా వయోజన విద్య కార్యాలయానికీ పంపి, రసీదు తీసుకోండి. కదలిక లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10. 30 రోజుల్లో జవాబు రావాలి. నాలుగే అడగండి: మన మండలంలో ఉల్లాస్‌లో నమోదైన వాళ్లు ఎందరు, పరీక్ష రాసిన వాళ్లు ఎందరు, వచ్చిన డబ్బెంత, ఖర్చయిందెంత. మొదటి రెండు అంకెల మధ్య తేడాయే వచ్చే గ్రామసభలో మీ వాదన.

ప్రశ్న: మా అత్తమ్మకు 52 ఏళ్లు. రెండు నెలలు పలక పట్టి 'నా బుర్రకెక్కదు' అని వదిలేసింది. ఈ వయసులో వస్తుందా?
– ఓ పాఠకురాలు, నంద్యాల జిల్లా

వస్తుంది. ముందు కళ్లు చూపించండి. నలభై దాటితే చత్వారం మామూలే. వత్తులూ గుడులూ మసగ్గా కనబడుతుంటే ఆమె బుర్రను నిందించుకుంటోంది. దగ్గర చూపు అద్దాలు పెట్టాక చాలామందికి సగం కష్టం తీరుతుంది.

రెండోది, అచ్చుల వరుస నుంచి మొదలుపెట్టకండి. 'ఋ' ఆమెకు ఎప్పుడు పనికొస్తుంది? రోజూ కళ్లబడే మాటలతో, వీలైతే వత్తులు లేని వాటితో మొదలుపెట్టండి: పాలు, ధర, నూనె, ఊరి పేరు. ఆ మాటల్లోంచే అక్షరాలు విడదీయండి. సంతకం మాత్రం వేరు. పేరు 'లక్ష్మి' అయితే మొదటి రోజే వత్తు ఎదురవుతుంది, కాబట్టి పేరును విడదీయకుండా బొమ్మలా నేర్పి, వివరం తర్వాత చెప్పండి.

లెక్కలు ఆమెకు నోటితో వచ్చు. రాయడంలోనే తడబాటు. 'నూట ఐదు' అంటే 1005 అని రాస్తారు, విన్నది విన్నట్టు 100, పక్కన 5. వందలు, పదులు, ఒకట్లు గళ్లు గీసి నోట్లూ చిల్లరా పెట్టి చూపిస్తే పోతుంది.

మొత్తం 200 గంటల పాఠం. రోజుకు గంటన్నర, వారానికి ఐదు రోజులైతే 27 వారాలు. నాట్లు, పత్తి తీత రోజుల్లో ఆపి, తేదీ ముందే చెప్పి మళ్లీ మొదలుపెట్టండి. తేదీ చెప్పకుండా ఆపిన బడి మళ్లీ తెరుచుకోదు. చివర ఉల్లాస్ పరీక్ష 150 మార్కులకు: చదవడం, రాయడం, లెక్కలు, తలా 50.

ప్రశ్న: సంతకం వస్తే చాలదా?
– గుంటూరు నుంచి

చాలదు. వేలిముద్ర వేసేటప్పుడు 'ఏముందో చదివి చెప్పు' అని అడుగుతారు. సంతకం పెట్టేవాళ్లను చదువుకున్న వాళ్లనుకుని అప్పు కాగితాన్ని ఎవరూ చదివి వినిపించరు.

ప్రశ్న: ఉన్న డబ్బు పిల్లల బడులకే చాలడం లేదు. పెద్దలకు ఎందుకు ఖర్చు?
– విశ్రాంత ఉద్యోగి, కరీంనగర్

రాజ్యాంగం 21ఏ అధికరణం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకే చదువు హక్కునిచ్చింది. ఆ వయసులో బడి అందక పెద్దవాళ్లయిపోయిన వాళ్లకు కోర్టుకెళ్లి అడిగే హక్కు లేదు, అందుకే వాళ్ల వాటా ఎప్పుడూ చివరన మిగులుతుంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పురుషుల్లో అక్షరాస్యులు 74.88 శాతం, స్త్రీలలో 59.15 శాతం. పిల్లల హోంవర్కు దగ్గర కూర్చునేది ఎక్కువగా ఆ తల్లులే.

నెల్లూరు జిల్లా సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమంలో సాయంత్రం తరగతులకు చేరిన ఆడవాళ్లు సారా గురించిన పాఠం చదివి, ఊళ్లో సారా ఎందుకుండాలని అడిగారు. దూబగుంటలో దుకాణం మూయించారు. ఆ పోరాటం జిల్లా దాటింది, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ తరగతులు నడిచింది ప్రభుత్వ ఖర్చుతోనే.