కాకినాడ తీరంలో పక్షుల వాక్‌కి వెళ్తున్నారా? ముందు పోటు టైం కనుక్కోండి

అక్టోబరులో వలస పక్షుల వాక్ అన్నారు, ఉదయం ఆరింటికి వెళ్లాలా, ఏ బైనాక్యులర్ కొనాలి అని అడిగారు. గైడ్‌ని మీరు ముందు అడగాల్సింది వేరే ఉంది: ఆ రోజు పోటు ఎన్నింటికి? తడుముకున్నాడంటే డబ్బులు కట్టకండి.

తెల్లవారుజాము వెళ్లాలన్నది అడవి పిట్టల లెక్క. కాకినాడలో కుంభాభిషేకం అనే చోటి బురద నేలల్లో దిగే ఉల్లంకి (శాండ్‌పైపర్) జాతులు నీటి లెక్కన బతుకుతాయి. నీరు తీసినప్పుడు అవి ఎక్కడో దూరాన చెల్లాచెదురుగా మేస్తుంటాయి, స్కోప్ (స్టాండు మీద పెట్టే దుర్బీను) పెట్టినా చుక్కలే. నిండు పోటుకి రెండు గంటల ముందు నుంచి నీరే వాటిని ఒడ్డుకి తోసుకొస్తుంది. పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి పోయిన ఆదివారం టైం ఈ ఆదివారానికి పనికిరాదు. అమావాస్య, పౌర్ణమిలకి నీరు బాగా ఎక్కుతుంది. అష్టమి వైపు అంత ఎక్కదు, పిట్టలూ అంత దగ్గరికి రావు. పోటు టైం చూపే యాప్ లేకపోతే రేవులో చేపల వేటకెళ్లే ఎవరిని అడిగినా చెప్తారు.

ఆ రెండు గంటల్లో నడక తగ్గించి ఒకచోట కూర్చోండి. కర్లూ శాండ్‌పైపర్లు పొట్టలోతు నీళ్లలో నిలబడి, కుట్టుమిషన్ సూదిలా ముక్కు దించి ఎత్తుతుంటాయి. ముందొచ్చిన పెద్దవాటి పొట్ట మీద ఎండాకాలపు ఇటుక రంగు మరకలు ఇంకా ఉంటాయి. తర్వాత దిగే ఈ ఏటి పిల్లలకి వీపు ఈకల చుట్టూ లేత అంచు, పొలుసుల్లా. టెరెక్ శాండ్‌పైపర్‌ని పైకి వంగిన ముక్కు, నారింజ కాళ్లతో పట్టేయొచ్చు: పీత వెంట వంకరటింకరగా పరుగెత్తి పట్టుకుంటుంది, ఒక్కోసారి నీటి అంచుకి తీసుకెళ్లి కడుక్కుని మరీ మింగుతుంది.

తూర్పు తీరం కదా, ఉదయం సముద్రం వైపు చూస్తే అన్నీ నల్లటి నీడలే. నడిచే ఆ కాస్తా దక్షిణం కొస నుంచి ఉత్తరానికి నడవండి, పొద్దెక్కేకొద్దీ వెలుగు వెనక నుంచి పడుతుంది. ఎండ ముదిరాక బురద మీద గాలి మరుగుతుంది, అప్పుడు స్కోప్ జూమ్ పెంచినా దండగ.

ఇక కెమెరా వీరులు. ఎగిరే గుంపు ఫొటో కోసం వాటి మీదికే నడిచే బాపతు. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చి కొవ్వు కరిగిపోయిన పిట్టని మేత మధ్యలో లేపడం అన్యాయం. మేత ఆపి, మెడలు నిక్కించి, మీకు దూరంగా నడవడం మొదలుపెడితే అక్కడితో ఆగిపోవాలి. ఇంకో రెండడుగులేస్తే గుంపంతా లేస్తుంది. నిండు పోటులో మెట్ట ఇసుక మీద ముక్కు వీపులో దూర్చి నిద్రపోయే గుంపు దగ్గరికైతే అసలు పోకూడదు. పదిమంది దాటిన బ్యాచ్‌లో ఇవేవీ కుదరవు.

బైనాక్యులర్ 8×42 (8 రెట్లు, 42 మి.మీ. అద్దం) చాలు, 12 రెట్లది చేతిలో వణుకుతుంది. స్కోప్ గ్రూపుకి ఒకటుంటే సరి. చెప్పులు మాత్రం వద్దు, బురద లాగేసుకుంటుంది. ఉత్త కాళ్లతో దిగితే ఆలిచిప్పల పెంకులు కోసేస్తాయి. లేసులు బిగించిన పాత గుడ్డ బూట్లు వేసుకోండి.